చమురు బావుల నీటిని శుద్ధి చేసి పొలాలకు ఇవ్వొచ్చా? అడ్డం ఎక్కడుంది?

అడిగిన ప్రశ్న ఇదీ: "పశ్చిమ టెక్సస్, న్యూ మెక్సికోల్లో ఒక బ్యారెల్ చమురుకు మూడు నాలుగు బ్యారెళ్ల ఉప్పునీరు పైకి వస్తుందట. దాన్నంతా మళ్లీ భూమిలోకే పంపేస్తున్నారట. అక్కడేమో నీటికి కటకట. శుద్ధి చేసి పొలాలకో, నదికో ఎందుకు ఇవ్వరు? అడ్డం టెక్నాలజీయా, చట్టమా? చట్టమైతే అది ఎవరి చేతిలో ఉంది?"

చమురు క్షేత్రాల నీటిని శుద్ధి చేయడం, దానికి కావలసిన పర్మిట్లు తెచ్చుకోవడం, ఇదే నా ఉద్యోగం. అందుకని కాస్త పెద్ద సమాధానమే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. ఈ నీటిని శుద్ధి చేయగలం. ఉప్పు తీసేసి తాగునీటికి దగ్గరగా తెచ్చే యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, బయటివాళ్లు దీన్ని నీటి సరఫరాగా చూస్తారు. లోపలివాళ్లకు ఇది వ్యర్థాన్ని వదిలించుకునే వ్యాపారం. నీళ్లమ్మేవాడికి కొనేవాడు మళ్లీ రావాలన్న భయం ఉంటుంది. వ్యర్థం వదిలించుకునేవాడికి ఆ భయం ఉండదు, పొద్దున్నే ట్యాంకు ఖాళీ అయితే చాలు. నిబంధనలు రాసేటప్పుడు ఈ తేడాను మర్చిపోతే మిగతావన్నీ తప్పుతాయి.

అలాగని ఎందుకంటున్నానో లెక్క చూడండి. టెక్సస్ శాసనసభ 2021లో ఏర్పాటు చేసిన ప్రొడ్యూస్డ్ వాటర్ (చమురుతో పాటు పైకొచ్చే నీటిని ఇలా అంటారు) కన్సార్టియం 2022 నివేదికలో శుద్ధి ఖర్చును బ్యారెల్‌కు 2.55 నుంచి 10 డాలర్లుగా అంచనా వేసింది. అదే నీటిని ఇంజెక్షన్ బావిలోకి, అంటే భూమి లోతుల్లోకి తిరిగి పంపే బావిలోకి దించడానికి డాలరు కూడా కాదు. బ్యారెల్ అంటే 159 లీటర్లు, ఘనపు మీటరుకు ఆరు బ్యారెళ్ల పైచిలుకు. అంటే అతి తక్కువ అంచనా తీసుకున్నా ఘనపు మీటరు నీరు 16 డాలర్లు పడుతుంది. సముద్రపు నీటిని మంచినీరు చేసే పెద్ద ప్లాంట్లు అదే ఘనపు మీటరును డాలరు అటూ ఇటూగా ఇస్తున్నాయి. పత్తి వేసే రైతు 16 డాలర్ల నీరు కొంటాడా? కొనడు. కాబట్టి ఖర్చు చమురు కంపెనీయే పెట్టుకోవాలి. ఇప్పుడు కంపెనీలు అందుకు సిద్ధపడుతున్నాయి కూడా. ఎడారి మీద జాలితో కాదు, భూమిలోకి పంపే దారి ఇరుకవుతోంది కాబట్టి.

ఆ ఇరుకు టెక్సస్ పక్క రాష్ట్రం ఒక్లహామాలో మొదలైంది. ఉప్పునీటిని ఆర్బకిల్ అనే లోతైన రాతి పొరలోకి విపరీతంగా పంపడంతో 2015 ఒక్క సంవత్సరంలోనే 3 తీవ్రత దాటిన భూకంపాలు 900 దాకా వచ్చాయి. 2016 సెప్టెంబర్ 3న పావ్నీ దగ్గర 5.8 తీవ్రతతో వచ్చింది. అక్కడి నియంత్రణ సంస్థ ఇంజెక్షన్ పరిమాణాలను బాగా కోసేశాక భూకంపాలు తగ్గుముఖం పట్టాయి. తర్వాత పశ్చిమ టెక్సస్ వంతు వచ్చింది. 2022 నవంబర్‌లో 5.4. అక్కడ చమురు వ్యవహారాలు చూసేది, పేరు చూసి కంగారు పడకండి, రైల్‌రోడ్ కమిషన్. వాళ్లు కొన్ని ప్రాంతాల్లో లోతైన ఇంజెక్షన్‌ను ఆపించారు. దాంతో కంపెనీలు తక్కువ లోతు పొరలకు మళ్లాయి. అక్కడ ఒత్తిడి పెరిగి, ఎప్పుడో వదిలేసిన పాత బావుల్లోంచి ఉప్పునీరు పైకి తన్నుతోంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అమెరికా మొత్తం మీద 2021లో చమురు, గ్యాస్‌తో పాటు పైకొచ్చిన నీరు 2,590 కోట్ల బ్యారెళ్లు. ఇంత నీటికి "ఇంకో దారి" వెతకడం ఇప్పుడు ఎందుకింత జోరుగా సాగుతోందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇక నీటిలో ఏముంటుందన్నది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మీరడిగిన పశ్చిమ టెక్సస్, న్యూ మెక్సికో చమురు ప్రాంతం, అంటే పెర్మియన్ బేసిన్ నీటిలో 100 గ్రాములు దాటడం మామూలే. పెన్సిల్వేనియా వైపు మార్సెలస్ షేల్ (గ్యాస్ దొరికే గట్టి రాతి పొర) నీటిలో 200 కూడా దాటుతుంది. 120 గ్రాములు అనుకుంటే బ్యారెల్‌కు 19 కిలోల ఉప్పు. రోజుకు లక్ష బ్యారెళ్లు తీసుకునే ప్లాంట్‌లోకి 1,900 టన్నుల ఉప్పు రోజూ వచ్చి పడుతుందన్నమాట. మామూలు ఆర్ఓ పొరలు ఇంత ఉప్పును తట్టుకోలేవు కాబట్టి వేడి చేసి ఆవిరి పట్టే పద్ధతులే గతి. అందులోనూ అటూ ఇటూగా సగం నీరే మంచినీరుగా వస్తుంది. మిగతా సగం రెట్టింపు చిక్కటి ఉప్పునీరై మళ్లీ ఇంజెక్షన్ బావికే వెళుతుంది. "శుద్ధి చేస్తే ఇంజెక్షన్ అక్కర్లేదు" అని ఎవరైనా అంటే, ఆ రెండో సగం సంగతి అడగండి.

ఉప్పు కనబడే శత్రువు. దాన్ని మీటరు పెట్టి కొలవొచ్చు. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ల్యాబ్ రిపోర్టు. ఒక ఉదాహరణ చెబుతాను, ఇది పాఠ్యపుస్తకాల్లో దొరకదు.

లోహాలను కొలిచే ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి లీటరుకు 120 గ్రాముల ఉప్పున్న నీటిని నేరుగా పంపితే యంత్రం మూసుకుపోతుంది. లీటరుకు రెండు గ్రాముల లోపు ఉంటేనే అది సరిగ్గా పనిచేస్తుంది. అందుకని ల్యాబ్‌వాళ్లు శాంపిల్‌ను వంద రెట్లు పలచన చేస్తారు. తప్పేమీ లేదు, చేయాల్సిందే. కానీ మామూలు నీటిలో ఆర్సెనిక్‌ను లీటరుకు 1 మైక్రోగ్రాము దాకా పట్టుకోగల పద్ధతి ఇప్పుడు 100 మైక్రోగ్రాముల పైన ఉంటేనే పట్టుకుంటుంది. తాగునీటి పరిమితి 10. రిపోర్టులో మాత్రం ఆర్సెనిక్ ఎదురుగా "ఎన్‌డీ" అని ఉంటుంది, అంటే కనబడలేదని. పక్క కాలమ్‌లో చిన్న అక్షరాల్లో ఆ 100 అన్న అంకె ఉంటుంది. పర్మిట్ దరఖాస్తు నింపేవాళ్లు ఎన్‌డీని సున్నాగా ఎక్కిస్తారు. "ముడి నీటిలోనే లేదు కదా" అని శుద్ధి చేసిన నీటిలో పరీక్షించాల్సిన జాబితా నుంచి ఆర్సెనిక్‌ను తీసేస్తారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా పరిమితికి పది రెట్ల దాకా ఉండగల పదార్థం కాగితం మీద మాయమైపోయింది.

రేడియం అనే రేడియోధార్మిక లోహానిది కూడా ఇదే కథ. తాగునీటి కోసం రాసుకున్న పాత పరీక్ష పద్ధతుల్లో కొన్ని, బేరియంతో కలిపి రేడియంను కిందికి దించి కొలుస్తాయి. ఈ ఉప్పునీటిలో బేరియం ముందే కుప్పలుగా ఉంటుంది కాబట్టి లెక్క ఘోరంగా తగ్గిపోతుందని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో చూపించారు. వెలువడే గామా కిరణాలను కొలిచే గామా స్పెక్ట్రోమెట్రీ చేయిస్తే సరైన అంకె వస్తుంది, కాకపోతే వారాలు ఆగాలి. ఏ పద్ధతితో కొలవాలో నిబంధనలోనే రాయకపోతే చవకైన పద్ధతే వాడతారు.

ఇక సేంద్రియ రసాయనాలు, అంటే కార్బన్ ఉన్నవి. ఈ రకం నీటిలో ఇప్పటిదాకా పరిశోధకులు గుర్తించిన రసాయనాలు 1,200 దాకా ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగానికి ఎంత మోతాదు హానికరమో చెప్పే సమాచారమే లేదు. అందుకే తాగునీటి ప్రమాణాల జాబితా తెచ్చి "అన్నిటిలో పాసైంది" అంటే నేను ఒప్పుకోను. ఆ జాబితా నదుల, బోర్ల నీటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. అందుకే జీవులతో పరీక్ష కూడా తప్పనిసరి చేయాలి. సెరియోడాఫ్నియా అనే చిన్న నీటి పురుగునూ, ఒక రకం చిన్న చేపలనూ ఆ నీటిలో వదిలి బతుకుతాయా, పిల్లలు పెడతాయా అని చూస్తారు. తమాషా ఏమిటంటే ఆవిరి పట్టిన నీరు మరీ స్వచ్ఛంగా ఉన్నా ఆ పురుగులు బతకవు, వాటికీ ఖనిజాలు కావాలి. పైగా అమ్మోనియా, తేలికగా ఆవిరయ్యే పదార్థాలు ఉప్పుతో పాటు వెనక ఉండిపోవు, నీటి ఆవిరితోనే ప్రయాణించి ఇవతలకు వచ్చేస్తాయి. వాటికి ఇంకో దశ శుద్ధి కావాలి. పొలానికి పెట్టాలంటే కాల్షియం కలపాలి, లేకపోతే సోడియం మిగిలిన పలచటి నీటికి బంకమట్టి విడిపోయి, గట్టిపడి, నీరు ఇంకదు. బోరాన్ పని కూడా చూడాలి. అది కొద్దిగా ఎక్కువైతే నిమ్మజాతి చెట్ల ఆకులు అంచుల నుంచి మాడతాయి.

ఇప్పుడు చట్టం. ఫెడరల్ స్థాయిలో మూడు చట్టాలు మూడు వైపులా లాగుతుంటాయి. భూమిలోకి పంపడం సేఫ్ డ్రింకింగ్ వాటర్ చట్టం కింద, క్లాస్ 2 (చమురు, గ్యాస్ నీటిని లోపలికి పంపే) బావుల నిబంధనల ప్రకారం నడుస్తుంది. వ్యర్థాల చట్టం కింద మాత్రం దీనికి విచిత్రమైన మినహాయింపు ఉంది. 1980లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) తాత్కాలికంగా పక్కన పెట్టింది, 1988లో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ దాన్నే ఖాయం చేసింది. ఆ మినహాయింపు వల్ల, గుణం ఎలా ఉన్నా, చట్టం దృష్టిలో ఇది "ప్రమాదకర వ్యర్థం" కాదు. మూడోది క్లీన్ వాటర్ చట్టం. దాని కింద 1979లో వచ్చిన నియమం నేల మీది బావుల నీటిని నదుల్లోకి వదలడాన్ని పూర్తిగా నిషేధించింది, ఒక్క కిటికీ తెరిచి ఉంచింది. దాదాపు దేశం మధ్యగా పోయే 98వ రేఖాంశానికి పడమట, నీరు పశువులకో వన్యప్రాణులకో వ్యవసాయానికో పనికొచ్చేంత మంచిదై, నిజంగానే అందుకు వాడితే వదలొచ్చు. వయోమింగ్‌లో ఈ కిటికీ గుండా దశాబ్దాలుగా నీరు వాగుల్లోకి పోతోంది. ఆ నియమం అంకెల్లో పెట్టిన పరిమితి ఎన్నో తెలుసా? ఒకే ఒక్కటి. నూనె, గ్రీజు లీటరుకు 35 మిల్లీగ్రాములు మించకూడదు. రేడియం లేదు, అమ్మోనియా లేదు, సేంద్రియాలు లేవు. ఆ కాలంలో ఆ కిటికీని పలచటి ఉప్పునీటి బావుల కోసం తెరిచారు. షేల్ నీటికి అదే కిటికీ చాలదు.

నిబంధన ఆలస్యమైతే ఏమవుతుందో పెన్సిల్వేనియా చూసింది. షేల్ గ్యాస్ మొదట్లో ఈ నీటిని ట్యాంకర్లలో తెచ్చి ఊళ్ల మురుగునీటి ప్లాంట్లలో పోశారు. ఆ ప్లాంట్లకు ఉప్పు తీయడం రాదు. నదిలోకి వెళ్లిన బ్రోమైడ్, దిగువన తాగునీటి ప్లాంట్లలో క్లోరిన్‌తో కలిసి హానికరమైన పదార్థాలుగా మారింది. 2011లో రాష్ట్రం "దయచేసి ఆపండి" అని కంపెనీలను కోరాల్సి వచ్చింది, ఆదేశం కాదు, కోరడం. ఒక శుద్ధి కేంద్రం నీరు కలిసే చోట వాగు అడుగున మట్టిలో రేడియం ఎగువ కంటే 200 రెట్లు ఉందని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. గమనించండి, ఆ కేంద్రం నీటిని శుద్ధి చేసే వదిలింది, రేడియంలో చాలా భాగం తీసేసింది కూడా. మిగిలిన కొద్దిపాటే ఏళ్ల తరబడి ఒకే చోట పేరుకుంది. ఫ్రాకింగ్ (నీటి ఒత్తిడితో రాతిని పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే పద్ధతి) నీటిని ఊళ్ల ప్లాంట్లకు పంపకూడదని ఈపీఏ నియమం చేసింది 2016లో. అందుకే పర్మిట్‌లో లీటరుకు ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఏడాదికి మొత్తం ఎంత బరువు అన్నది కూడా ఉండాలంటాను.

తీసిన రేడియం ఎక్కడికి పోతుందన్నది ఇంకో తలనొప్పి. ఫిల్టర్లలో, ట్యాంకు అడుగు బురదలో చేరుతుంది. 2014లో నార్త్ డకోటాలోని నూనన్ అనే చిన్న ఊళ్లో, మూతపడిన పెట్రోలు బంకులో చెత్త సంచుల నిండా ఈ ఫిల్టర్ గుడ్డలు దొరికాయి. ఎవరో తెచ్చి పడేసి పోయారు. శుద్ధి పెరిగితే ఈ రకం చెత్త కూడా పెరుగుతుంది.

మంచి ఉదాహరణ అడిగితే అందరూ కాలిఫోర్నియా చూపిస్తారు. కెర్న్ కౌంటీలో కావెలో వాటర్ డిస్ట్రిక్ట్ 1990ల మధ్య నుంచి చమురు క్షేత్రం నీటిని మంచినీటితో కలిపి బాదం, పిస్తా, నిమ్మజాతి తోటలకు ఇస్తోంది. ప్రాంతీయ నీటి బోర్డు నిపుణులతో కమిటీ వేసి చూస్తే పంటలో అదనపు ప్రమాదం కనబడలేదు. డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 2020లో పొలాల మట్టి చూస్తే ఉప్పు, బోరాన్ పేరుకుంటున్నాయి. రెండూ నిజమే. కానీ ఆ క్షేత్రం నీరు సహజంగానే పలచన, అందుకే ఉప్పు తీయకుండానే కలిపేస్తున్నారు. దాన్ని చూపించి పెర్మియన్ నీటికి పర్మిట్ అడగడం నా దృష్టిలో కుదరని వాదన.

ఇక "ఎవరి చేతిలో ఉంది" అన్నదానికి వస్తే, న్యూ మెక్సికో 2019లో చేసిన ప్రొడ్యూస్డ్ వాటర్ చట్టం నాకు నచ్చిన పని ఒకటి చేసింది, గీత గీసింది. చమురు క్షేత్రం లోపల వాడితే ఆయిల్ కన్జర్వేషన్ డివిజన్ చూస్తుంది. గేటు దాటితే నీటి నాణ్యత కమిషన్ చూస్తుంది. 2025 మేలో ఆ కమిషన్, శుద్ధి చేసినా సరే ఈ నీటిని నేల మీదికి, నదుల్లోకి వదలకూడదని, బయటికి చుక్క వదలని పైలట్ ప్రాజెక్టులు మాత్రం చేసుకోవచ్చని ఓటేసింది. ఆ వెంటనే పరిశ్రమవైపు నుంచి మార్చమని పిటిషన్ పడింది, ఆ గొడవ నడుస్తూనే ఉంటుంది. అదే ఏడాది గవర్నర్ తెచ్చిన నీటి సరఫరా బిల్లు నెగ్గింది గానీ అందులోంచి చమురు బావుల నీటిని తీసేసి, లోతైన సహజ ఉప్పునీటి పొరలను మాత్రమే ఉంచారు.

టెక్సస్ దారి వేరు. అక్కడ ముందు ఆస్తి తగాదా తేల్చారు. భూమి మీద హక్కు ఒకరిది, కింద చమురు లీజు ఇంకొకరిది అయినప్పుడు ఈ నీరు ఎవరిది? ఒకప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, ఖర్చు పెట్టి వదిలించుకునేదానికి యజమాని ఎవరైతేనేం. విలువ వస్తుందనగానే కోర్టుకెక్కారు. 2025 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు, ఇది చమురు తీయడంలో పుట్టిన వ్యర్థం కాబట్టి లీజుదారుదే అని చెప్పింది. నాకు ఈ తీర్పు సబబనిపించింది. నీరు వాళ్లదైతే దాని బాధ్యతా వాళ్లదే కావాలి కదా.

అక్కడే మెలిక. అదే ఏడాది శాసనసభ హౌస్ బిల్ 49 చేసింది. శుద్ధి చేసి ఇంకొకరికి అందించాక, ఆ నీటి వాడకం వల్ల తర్వాత నష్టం జరిగితే, తీవ్ర నిర్లక్ష్యం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, శుద్ధి చేసినవాళ్ల మీద నష్టపరిహారం దావా నిలవదు. ఇది లేకపోతే పెట్టుబడి పెట్టేవాడు ముందుకు రాడని వాదన. కొంత నిజమే, బ్యాంకులు అప్పివ్వవు. కానీ క్రమం తిరగబడింది. ఏమేం కొలవాలో, ఏ పద్ధతిలో కొలవాలో గట్టి ప్రమాణాలు ముందు రావాలి. ఆ ప్రమాణాలు పాటించినవాడికి తర్వాత రక్షణ ఇవ్వొచ్చు. పైన చెప్పిన "ఎన్‌డీ" రిపోర్టు పట్టుకుని పర్మిట్ తెచ్చుకున్న ప్లాంట్ కూడా కాగితం మీద అన్నీ పాటించినట్టే. పదేళ్ల తర్వాత పొలంలో తేడా వస్తే రైతు ఎవరిని అడగాలి?

టెక్సస్‌లో నదుల్లోకి వదిలే పర్మిట్లు ఇచ్చే అధికారం 2021 జనవరిలో ఈపీఏ నుంచి రాష్ట్ర పర్యావరణ కమిషన్, టీసీఈక్యూ చేతికి వచ్చింది. ఇంజెక్షన్, రీసైక్లింగ్ రైల్‌రోడ్ కమిషన్ దగ్గరే ఉన్నాయి. పశ్చిమ టెక్సస్‌లోని పెకోస్ నది పరీవాహకంలో వదలడానికి దరఖాస్తులు ఇప్పటికే టీసీఈక్యూ దగ్గరికి వెళ్లాయి. పైగా 2025 మార్చిలో ఈపీఏ ఆ 1979 నాటి నియమాన్ని తిరగరాస్తామని, డేటా సెంటర్లు, విద్యుత్ కేంద్రాల కూలింగ్ లాంటి వాడకాలకు దారి తెరుస్తామని ప్రకటించింది. తిరగరాయాల్సిందే, అందులో అనుమానం లేదు. 35 మిల్లీగ్రాముల గ్రీజు పక్కన ఇంకేం చేరుస్తారన్నదే చూడాలి.

మరి నేనైతే ఏ వాడకాలకు ఏ వరుసలో అనుమతి ఇస్తానంటే, మొదటి వాడకం చమురు క్షేత్రం లోపలే. కొత్త బావుల ఫ్రాకింగ్‌కు ఈ నీరే వాడాలి, దానికి ఉప్పు తీయక్కర్లేదు, నూనె, ఇనుము, బ్యాక్టీరియా తీస్తే చాలు. ఒక్కో బావికి లక్షల బ్యారెళ్ల మంచినీరు మిగులుతుంది. ఇది ఇప్పటికే జరుగుతోంది, తప్పనిసరి చేసినా నష్టం లేదు. ఆ తర్వాత, నీరు బయటికి రాని మూసిన పరిశ్రమ వాడకం. కూలింగ్ టవర్లను నేను ఈ కోవలో వేయను, అక్కడ తుంపర గాలిలోకి పోతుంది. తినని పంటలు, పత్తి లాంటివి, కొన్నేళ్ల పాటు మట్టి పరీక్షలతో చూశాక. నది, తినే పంటలు చిట్టచివర. దుమ్ము లేవకుండా రోడ్ల మీద శుద్ధి చేయని ఉప్పునీరు చల్లడం కొన్ని రాష్ట్రాల్లో ఇంకా ఉంది. అది అసలు జాబితాలోనే ఉండకూడదు.

మీకు ఆసక్తి ఉంటే టీసీఈక్యూ వెబ్‌సైట్‌లో పర్మిట్ డ్రాఫ్టులు అందరికీ తెరిచే ఉంటాయి, ఒకటి తీసి చదవండి. మొదటి పేజీల్లోని శుద్ధి యంత్రాల వర్ణన వదిలేయండి. చిక్కటి ఉప్పునీరు ఏ బావికి పోతుందో, పరీక్షలు ఏడాదికి ఎన్నిసార్లో, ఏ పద్ధతితోనో, ప్లాంట్ ఒక గంట పాడైతే నీరు నదిలోకి పోకుండా ఎక్కడ ఆగుతుందో చూడండి. కంపెనీ చేతులెత్తేస్తే చెరువుల్లో మిగిలిన ఉప్పు ఎత్తించడానికి బాండ్ డబ్బు (ముందే హామీగా కట్టించుకునేది) ఎంత పెట్టించారో కూడా చూడండి. వీటిలో ఏది లేకపోయినా, ప్రజాభిప్రాయాల గడువు లోపు రాతపూర్వకంగా అడిగితే వాళ్లు రాతపూర్వకంగానే జవాబివ్వాలి.